సొట్ట తల్లె

ఏం సప్పుడురా గది నాగరాజు? అన్నం తినే తల్లె సప్పుడేనా? నా చెవులు సగమే ఇనవడ్తయి గనీ గా సప్పుడు మాత్రం యాడున్నా పట్టుకుంట. యాభై ఏండ్ల సంది మీ పక్కింట్ల ఉంటున్న గద. గా తల్లె ఏరుకోని రా, గీ అరుగు మీద కూసో. ఏందీ, పచ్చిపులుసుల ఉప్పు లేదా? గంతేనా! పెండ్లై మూన్నెల్లు గాలే, గా హరిత పిల్ల ముంగట గప్పుడే తల్లె ఇసిరినవు. కూసో, ఊకె లేవకు. మీ తాత సంగతి జెప్త. తెల్సునంటవా? నీకేం తెల్సు, గప్పుడు నువ్వు హాస్టల్ల ఉంటివి.

మీ తాత పెద్దులన్న మంచోడే. గొర్రెను గొట్టకపోయేది, కుక్కను గొట్టకపోయేది. తల్లె ముంగట కూసుంటెనే మనిషి మారుతుండె. కారమెక్వైతె తల్లె వాకిట్ల వడేది. వాళ్ల నాయిన బీరన్న గూడ గంతే. నా కోళ్లు మా ఇంట్ల గింజలిడ్సిపెట్టి పగటీలి బువ్వ యాల్లకు మీ వాకిట్లనే కావలుంటుండె, మెతుకులకు. అడిగితె మీ తాత నవ్వుకుంట, ‘ఏం జేద్దు సుక్కమ్మా, మా ఇంటి మొగోళ్ల రక్తమే గంత’ అంటుండె. గదేదో గొప్ప లెక్క! మీ బాపు మల్లేశు గూడ ఒకటో రెండో ఇసిరిండు, వోయి అడుగు.

తెలంగాణ వచ్చిన ఏడాది, మీ తాతకు అరవై దాటినంక, పప్పు మాడిందని ఇసిరిండు. గా దినం తల్లె వాకిట్లకు వోలే. మీ అవ్వ రామమ్మ కనుబొమ్మకు తాకింది. అయ్యో, ఏం నెత్తురు బిడ్డా! నేనే కొంగు అదిమిపట్టి ఆటోల కల్వకుర్తి దవాఖానకు దీస్కవోయిన. మీ తాత ముంగట కూసోని ఎనకకు మల్లి సూడలే. గాడ మెర్సీ అని ఒక నర్సమ్మ ఐదు కుట్లేసింది. ‘ఎట్ల తాకిందవ్వా’ అంటె మీ అవ్వ ‘గడప తట్టుకోని పడ్డ’ అన్నది. నాకు నోరాగలే, ఉన్నదున్నట్టు జెప్పిన. మీ తాత తలకాయ దించుకోని మల్ల గదే పాట, ‘మా ఇంటి రక్తమే గంతనమ్మా.’ గామె దూది పారేసి అన్నది గదా, ‘రక్తం సంగతేనా పెద్దయ్యా? మీ నాయిన రక్తం కన్నా బలమైన రక్తం నీకోసం కారింది, యేసయ్యది. ఆదివారం చర్చికి రా.’

వోయిండు. వోయి వోయి బాప్తిస్మం గూడ దీస్కుండు. కులదేవుడు బీరప్పను ఇడ్సిపెట్టినవా అని కులపోళ్లంత ఒర్రిండ్రు. నేను గూడ ఒర్రిన, అబద్ధమెందుకు. గిప్పటికీ నేను బీరప్పకే మొక్కుత. గనీ సూసింది సూసినట్టు జెప్పాలె గద. నెల దిరగకముందే మల్ల ఇసిరిండు! ఊరంత నవ్విండ్రు. మీ తాత గా సొట్ట వడ్డ తల్లెనే సంకల వెట్టుకోని చర్చికి వోయి, అందరి ముంగట లేపి సూపించి ఏడ్సిండంట. ‘అయ్యగారూ, నాతోని అయితలేదు’ అని. పాస్టరు, ‘నీతోని కాదు పెద్దులూ, గా మాట ఆయనకు జెప్పు, ఆయన వట్టుకుంటడు నీ చెయ్యి’ అన్నడంట.

గా దినం సంది గా తల్లెలనే తిన్నడు. కొత్తది తెస్తమంటె వద్దన్నడు. గది సక్కగ కూసోదు, పులుసంత ఒక్క దిక్కే పారుతది. తినే ముంగట ఒక ప్రార్థన. మొదటి ముద్దకు ఉప్పు తక్వైతె మల్ల కండ్లు మూస్తడు, రెండో ప్రార్థన! తల్లె అంచు రెండు చేతులతోని గట్టిగ వట్టుకోని, చెమటలు గార్సుకుంట, ఎంతసేపో. అన్నం సల్లారిపోయేది. మీ అవ్వ నా దిక్కు జూసి ‘సుక్కమ్మా, ఇయ్యాల ఉప్పు మర్సినట్టున్న’ అని నవ్వేది. గామె తల్లె ముంగట నవ్వంగ నేను గప్పుడే సూసిన. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి బిడ్డా. మీ బాపు గూడ తండ్రిని సూసి చెయ్యి దించిండు. నా కోళ్లే పాపం, నాల్గు దినాలు ఆశగ వచ్చి పోయినయి.

కరోన ఏడాది వోయిండు మీ తాత. ఆరేండ్లు తిన్నడు గా తల్లెల, ఒక్కపారన్న ఇసరలే. ఏది, గా తల్లె ఇటు తే. ఏం జేస్తవు సూసి అంటవేందిరా, తే...

గిది మీ తాతదే గదరా. గీ సొట్ట నాకెర్కనే. గీ పక్కది ఇయ్యాల్టిది.

...

పో. గా పిల్ల గూడ తిన్లే. వాకిట్ల మెతుకులు ముందుగాల ఎత్తు, నా కోళ్లకు మల్ల అలవాటైతది.