పార్కు ఆఖరి మూల

హలో… ఆ, నేనే. నేనే బావా, నీ మరదల్ని.

…

అవును, ల్యాబ్ నుంచే. అక్క టేబుల్ మీది ఫోన్… అయ్యో. నీ సెల్లో అక్క పేరు పడిందా? అందుకేనా ఒక్క రింగుకే ఎత్తావు? నా బుర్ర తగలెయ్య, ఆ మాత్రం తట్టలేదు చూడు.

…

ఊపిరి తీసుకో. నెమ్మదిగా. నేను లైన్లోనే ఉన్నా.

…

ఈ గదిలో నా సెల్‌కి సిగ్నల్ రావట్లేదు బావా. అందుకే దీంట్లోంచి చేశా. ఇంకోసారి చెయ్యనులే.

…

ఏం పనా? క్లాసు నాకప్పగించారు. పరీక్షలయ్యేదాకా. మా స్కూల్లో సెలవు పెట్టి వచ్చా.

నవ్వు నవ్వు. నవ్వితే బాగుంది, చాలా రోజులైంది నీ నవ్వు విని… నాకూ తెలుసులే, ఎనిమిదో తరగతికి ఎడారులూ పీఠభూములూ చెప్పుకునేదాన్ని, నాకెందుకీ వర్చువల్ మెషిన్లు. కానీ అక్క నేర్పిందిగా. పోయిన సెలవుల్లో, మీ వంటింట్లో. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటరేంటే అని నేను నోరు తెరిస్తే, నువ్వు గిన్నెలు తోముతూ, ‘మీ అక్క మనసులాగే, తలుపు తీస్తే ఇంకో తలుపు’ అన్నావు. గరిటె విసిరింది నీ మీద.

…

ఆ, ఆ. ‘పాడైతే పాడవనీవే, ఇంకో కాపీ తీసుకుంటాం, భయపడకుండా నొక్కు.’ పిల్లలకీ అదే చెప్పేదట. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ పైసా ఖర్చు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు, ఓపెన్ సోర్స్, ఓపెన్ సోర్స్ అని కనబడినవాళ్ళందరికీ చెప్పడం. నువ్వేమో ‘మీ అక్క నోరు కూడా ఓపెన్ సోర్సే’ అనడం…

…

బావా. అసలు విషయానికొస్తా. కోప్పడకు.

అక్క కాపీలు తీసే ఆ తల్లి మెషిన్ తాళం తియ్యాలి నువ్వు.

…

బావా?

…

నాకు తెలుసు. అక్క ఆ రోజు క్లాసులో పాజ్ నొక్కి అలా వదిలేసి వెళ్ళింది. కార్లో కూర్చుంది, ఇంక లేవలేదు. నువ్వు ఆ రాత్రే ఇంట్లోంచి దానికి తాళం వేశావు, ఎవరూ ముట్టుకోకుండా. ల్యాబ్ కంప్యూటర్లు చూసే మనిషివి నువ్వే. నిన్ను కాదని ఎవరు తీస్తారు? ఎవరూ అడగను కూడా లేదు. అడగడానికి ఎవరికి నోరొస్తుంది?

…

నాకు మాత్రం వచ్చిందా? రెండు రోజుల్నించి ఫోన్ ఎత్తడం, పెట్టెయ్యడం.

కానీ పరీక్షలొచ్చి పడ్డాయి. అక్క పాఠాలు, అక్క గీసిన మ్యాపులు, సాఫ్ట్‌వేర్లో చేసుకున్న మార్పులు, అన్నీ ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయి. దాన్నుంచి కాపీ తీస్తేనే కదా పిల్లలందరికీ తలా ఒక మెషిన్ వచ్చేది. పాజ్‌లో ఉన్నది కాపీ అవ్వదని నాకు చెప్పింది మీ మొగుడూపెళ్ళాలే.

…

కొత్తది పెట్టుకోమంటావా? అదే అంటున్నారు ప్రిన్సిపాల్ గారు కూడా. సాయంత్రానికి కాకపోతే బయట్నుంచి మనిషిని పిలిపిస్తారట. అతనొచ్చి తల్లి మెషిన్ మొత్తం తుడిచేసి ఖాళీది పెడతాడు. అప్పుడు అక్క చేసిందేదీ మిగలదు బావా. ఒక్క గీత కూడా.

…

ఏంటీ?… రోజూనా?

ఇంట్లోంచే చూస్తున్నావా?… ఆ, పాజ్‌లో ఉన్నదానికి బొటనవేలంత బొమ్మ కనబడుతుంది. పచ్చగా పార్కు, చుట్టూ ఎర్రగీత, సగంలో ఆగిపోయి… లేవగానే అది చూసుకుని, తర్వాత టీ పెట్టుకుంటావా? అయ్యో బావా. నాకొక్కమాట చెప్పుండొచ్చుగా.

…

నేనేం ఏడవట్లేదు. ఏసీ. ఏసీకి ముక్కు కారుతుంది.

…

అర్థమైంది. కదిలిస్తే అక్క వదిలేసినట్టు ఉండదని నీ బాధ. నాకు మాత్రం లేదా? కానీ నువ్వే ఆలోచించు. అక్క ఎప్పుడైనా ఏదైనా దాచుకుందా? కొత్త చీర తెచ్చిన రోజే కట్టేసేది. దుకాణం పిన్నులు కూడా తియ్యకుండా. అలాంటి మనిషి చేసిన పని పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టుకుంటే ఊరుకునేదా? మనిద్దరికీ చెవులు మెలేసేది.

…

ఆలోచించుకో. నేను ఆగుతా.

…

…

తీశావా? నిజంగా?

ఆ… బటన్ వెలిగింది ఇక్కడ. నొక్కనా? నువ్వు ఊ అంటేనే నొక్కుతా.

…

సరే. సరే బావా.

తెరుచుకుంటోంది… వచ్చింది. మూలన గడియారం ఆ రోజు టైమే చూపిస్తోంది. అక్క టైము… అరే. మారిపోయింది. ఒక్క గంతులో ఇవాళ్టికొచ్చి కూర్చుంది. మనకి కూడా అలా అయితే బాగుండేది కదూ.

…

అమ్మో!

ఏం కాలేదు, ఏం కాలేదు. మౌస్ మీద చెయ్యి వేశానో లేదో గీత కదిలింది. అక్క ఆఖర్న నొక్కిన చుక్క నుంచి నా చేతి దాకా ఎర్రగీత. నేనెటు జరిపితే అటు సాగుతోంది. అవతలి కొస అక్క పట్టుకున్నట్టే ఉంది బావా…

…

ఆ, కదపను. కదపకుండా చెబుతా ఉండు. పైనుంచి తీసిన ఫోటో మీద పార్కు చుట్టూ గోడ గీస్తోంది. గేటు దగ్గర మొదలుపెట్టింది. మలుపు మలుపుకీ ఒక చుక్క. అన్నీ సరిగ్గా గోడ మీదే. గోరంత పక్కకి పోయినా పిల్లలకి మార్కులు కోసేదట కదా… ఇది బెంచీల దగ్గర మలుపు. ఇది ఉయ్యాలల వెనక. ఎంత నున్నగా తిప్పిందో. తర్వాతది…

…

తర్వాతది…

లేదు, పెద్దది చేసి చూస్తున్నా. ఆగు.

…

ఒక్క నిమిషం బావా. క్లాస్ లీడర్ అమ్మాయి వచ్చింది, ఏదో అడుగుతోంది. ఫోన్ హోల్డ్‌లో పెడుతున్నా, కట్ చెయ్యకు.

— ఇలా రామ్మా. మెల్లగా మాట్లాడు, లైన్లో సార్ ఉన్నారు. ఆ రోజు నువ్వు ముందు వరసలోనే కూర్చున్నావు కదూ?

— ఇది చూడు. ఇక్కడిదాకా చుక్కలన్నీ గోడ మీదే ఉన్నాయి. ఇది గోడ దాటింది. దీని తర్వాతది ఇంకా అవతలికి పోయింది. ఇది, ఆఖరిది, రోడ్డు నడిమధ్యలో పడింది. మేడమ్ ఎప్పుడైనా ఇలా పెట్టారా?

…

— చెయ్యి లాగుతోందన్నారా?… నవ్వుతూనే అన్నారా?

…

— ఎప్పట్నుంచి? క్లాసు మొదలైనప్పట్నుంచా?… చెమటలు… ఫ్యాను వెయ్యమన్నారా ఏసీ గదిలో?

…

— మరి బెల్లు?… కొట్టకముందేనా? బెల్లు కొట్టకముందే పాజ్ నొక్కి లేచారా?

…

— లేదమ్మా. లేదు, నీ తప్పేముంది ఇందులో? చిన్నపిల్లవి, నీకేం తెలుస్తుంది. మేడమ్ దాచుకుంటే ఎవరికి తెలుస్తుంది… ఏడవకు. ఇది మాత్రం ఎవరికీ చెప్పకు. సార్‌కి అసలు చెప్పకు. వెళ్ళి మొహం కడుక్కో, వెళ్ళు.

ఆ… బావా. ఉన్నా, ఉన్నా.

…

ఏం లేదు. పరీక్షలో ఏమొస్తుందని. పిల్లల గోల ఎప్పుడూ ఉండేదేగా.

…

గొంతా? బాగానే ఉందే.

…

ఆఖరి చుక్కా? ఎందుకు బావా అలా అడుగుతున్నావు?

…

డాక్టర్ గారు చెప్పారు కదా. గుండె రెప్పపాటులో ఆగిపోయిందని. నొప్పి తెలిసే వ్యవధి కూడా ఉండదని.

…

తెలుసు. ఆ ఒక్క మాట పట్టుకునే నువ్వు లేచి తిరుగుతున్నావని తెలుసు. పడుకోగలుగుతున్నది కూడా దాని వల్లేనని తెలుసు.

…

సరిగ్గానే ఉంది. గోడ మూల మీదే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. అక్క చెయ్యి తప్పడమేంటి, ఎవరి గురించి మాట్లాడుతున్నావు?

…

ఏంటి? నువ్వే చూస్తావా?

…

ఆ… అవును కదూ. పాజ్ తీసేశాం కాబట్టి నీకక్కడ స్క్రీన్ మొత్తం కనబడుతుంది. మర్చేపోయా.

…

వద్దని కాదు. ఎందుకు వద్దంటాను? ఓపెన్ చెయ్… తిరుగుతోందా? మీ ఇంట్లో నెట్ సంగతి తెలిసిందే కదా. తిరగనీ. తొందరేముంది, నింపాదిగా రానీ.

బావా, అది వచ్చేలోపు ఏదైనా చెప్పు. అక్క గురించి. ఏదైనా. నువ్వు మాట్లాడితే నాకు బాగుంటుంది.

…

ఆ… ఊళ్ళో సందులన్నీ మ్యాపులో గీసిన మనిషి కారెక్కడ పెట్టిందో మర్చిపోయేదా… చెప్పు చెప్పు, వింటున్నా.

— అక్కా. రిసీవర్ మూసి పట్టుకున్నా, బావకి వినబడదులే. నన్ను తిట్టుకోకే.

— ముందు నీ ఆఖరి చుక్కే పోతోంది. రోడ్డు మీద పెట్టావు చూడు, అది. నువ్వు చివరగా ముట్టుకున్నది అదే… పోయింది.

— దీన్ని కూడా… ఇంకోటి. ఎంత నొప్పి పెట్టిందే? ఒక్కరికైనా చెప్పకూడదా? పక్కనున్న పిల్లకైనా?

ఆ, ఆ బావా, వింటున్నా! నీకు ఫోన్ చేసి ‘నేనిక్కడే ఉన్నా, కారే తప్పిపోయింది’ అందా? అంటుంది, అంటుంది… తర్వాత?

— గోడ మీద. ఇక్కడొకటి… ఆగు. ఇక్కడ ఇంకోటి.

— మూల. సరిగ్గా మూల మీద… అయింది.

శబ్దమా? కీబోర్డు. దుమ్ము పట్టుంటే తుడుస్తున్నా.

…

వచ్చిందా?

కనబడుతోందా నీకు?… చూడు. నువ్వు చూసేదాకా నేనేం ముట్టుకోను.

…

…

ఆ.

…

ఆ బావా. అక్క చెయ్యి మరి.

…

నిజమే. నొప్పితో ఉన్న మనిషి అంత సూటిగా ఎలా పెడుతుంది? పెట్టలేదు. నువ్వన్నదే నిజం. ఏమీ తెలియకుండానే పోయింది అక్క. హాయిగా పాఠం చెప్పుకుంటూ.

…

ఏడువు. ఏడువు బావా, ఎవరున్నారు వినడానికి, నేనేగా.

…

…

ఇంకొక్క మలుపు మిగిలింది, గేటు దాకా. అది నేను వెయ్యనా?… వేశా. ఇంక కుడి బటన్ నొక్కితే పార్కు పూర్తవుతుంది. నొక్కనా?… నొక్కా. పేరు అడుగుతోంది… ‘పార్కు’ చాలా? సరే, అంతే రాస్తా… సేవ్ అయింది బావా. ఏదీ పోలేదు. అన్నీ ఉన్నాయి. ఇంక మెషిన్ ఆపేసి కాపీలు తియ్యడమే. పిల్లలందరికీ అక్క మ్యాపే వెళుతుంది.

…

ఆపొద్దా? ఎందుకు?

…

ఏదా? అక్క ఆఖర్న పెట్టిన చుక్క ఏదనా?

…

ఇదిగో. మౌస్ బాణం చూడు… ఇంకొంచెం ఎడమకి. ఇప్పుడు ఆపాను చూడు, అక్కడ. గోడ మూల మీద.

…

ఇదే బావా. ఇదే అక్కది.

…

చూసుకో. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో, నువ్వు చాలనేదాకా బాణం కదపను… ఫోన్ పక్కన పెడుతున్నా. చెయ్యి తియ్యను.