రాడారు డబ్బాకి తగిలించిన కెమెరా

శనివారం మధ్యాహ్నం, అమెరికాలోని అయోవా. మొక్కజొన్న చేల మధ్య రోడ్డు పక్కన ఆగిన పికప్పు ట్రక్కు. లోపల స్కూలు బస్సు డ్రైవరు డెల్బర్ట్, పక్కన అతని భార్య నోరీన్.

"ఆ కెమెరా అలా వంకరగా పెట్టావేంటి డెల్బర్ట్? ఊడి నా ఒళ్ళో పడేట్టుంది."

"ఊడదు. రాడారు డబ్బా వేలాడే కొక్కేనికే ఇదీ తగులుతుంది. వైరు కూడా అదే. బాగుందా లేదా?"

"బాగుంది. డబ్బాని మూసేసింది."

"ఏంటి?"

"డబ్బా మీద ఎర్రలైట్లు! కెమెరా వెనక్కి పోయాయంటున్నా. నువ్వు ఎప్పుడూ వాటినేగా చూసేది?"

"పోతే పోనీ. వేగం పట్టే పోలీసు పొంచి ఉంటే డబ్బా కూస్తుందిగా."

"కూస్తుంది... కూస్తుందిలే. పిల్లల బస్సు నడిపేవాడికి పోలీసుల్ని పసిగట్టే డబ్బా దేనికో!"

"బస్సులో పెట్టానా? ఇది నా సొంత బండి. నోరీన్, ఇవాళ నవ్వులాట కాదు. సోమవారం స్కూలు బోర్డు ముందు నిలబడాలి. ఆ టిల్లట్సన్ ఆవిడ చూడు, వెనక ఆంబులెన్సు సైరన్ మోగిస్తూ వస్తుంటే నేను బస్సు పక్కకి తియ్యలేదని ఫిర్యాదు రాసిపారేసింది."

"అందులో ఉన్నది వాళ్ళ నాన్న. దేవుడి దయవల్ల బతికి బట్టకట్టాడు."

"బతికితే సంతోషమే. అయితే మాత్రం అబద్ధం చెప్పేస్తుందా? సైరన్ మోగితే నాకు వినపడదా? ఇన్నేళ్ళలో నా బస్సుకి ఒక్క గీత పడలేదు!"

"అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆవిడకేముంది?"

"ఏమో, ఆవిణ్ణే అడుగు! ఈ కెమెరా బొమ్మా తీస్తుంది, మాటా పడుతుంది. నేనెలా నడుపుతానో బోర్డు వాళ్ళకి చూపిస్తా. బస్సు తీసేసుకుంటే నేనేం చెయ్యను చెప్పు? పొద్దున్నే లేచి ఎక్కడికి పోను?"

"సరే, పోనీ. ఆన్ అయిందా అది?"

"అయింది. ఏదో ఒకటి మాట్లాడు, మాట పడుతుందో లేదో చూద్దాం."

"ఏం మాట్లాడను? రోడ్డు చూడు."

"చూస్తున్నాగా."

"నా మొహం చూస్తున్నావు. ఈమధ్య నేను నోరు విప్పితే చాలు, ఇటే తిరుగుతున్నావు."

"పెళ్ళాం మొహం చూడ్డం కూడా తప్పేనా?"

"కొత్త పెళ్ళికొడుకువి మరి! రోడ్డు చూడు... డెల్బర్ట్, మెల్లగా."

"మెల్లగానే పోతున్నా."

"మెల్లగా అంటున్నా! డబ్బా..."

"డబ్బాకేమైంది?"

"కూస్తోంది!"

"ఎక్కడ?"

"ఎక్కడేంటి, నీ ముక్కు ముందు! ఇందాకట్నించీ! అదిగో, ఆ గిడ్డంగి వెనక పోలీసు షెరీఫ్ బండి!"

"అయ్యో... హార్లన్ గాడే. చెయ్యి ఊపుతున్నాడు. వదిలేశాడులే, బతికిపోయాం."

"కూత విన్నావా, లేదా?"

"కెమెరా అడ్డం పడింది. లైటు కనపడలా."

"నేనడిగింది లైటు సంగతి కాదు."

"అబ్బబ్బ, అరవకు తల్లీ! కెమెరా వింటోంది."

"అదైనా విననీ. నీకు చెప్పడమంటే చెవిటి..."

"ఏంటి?"

"ఏం లేదు. పద."

"అదిగో రైలుపట్టాలు. ఇక్కడ గేటూ లేదు, గంటా లేదు. బస్సుతో వచ్చినప్పుడు ఎలా చేస్తానో అచ్చం అలాగే చేస్తా, చూడు. ఆపానా? రేడియో కట్టేశానా? కిటికీ దించి, తలుపు తీశానా? ఇప్పుడు చెవి ఒగ్గి వినాలి. నేను 'ఉష్' అంటే బస్సులో ఒక్క పిల్లాడు నోరెత్తడు."

"డెల్బర్ట్..."

"ఉష్."

"డెల్బర్ట్, అది..."

"ఉష్షంటుంటే! చూశావా, ఏమీ లేదు. పోదాం."

"ఆగు!"

"చేను ఏపుగా పెరిగి కనపడ్డం లేదు గానీ, కూతే లేదుగా. పోదాం పద..."

"ఆగు! బ్రేకు! బ్రేకు తొక్కు!"

"ఓరి దేవుడా!"

"కదిలించకు. పోనీ దాన్ని. రైలు మొత్తం పోనీ."

"ఎక్కణ్ణించి ఊడిపడింది నోరీన్ అది? కూత వెయ్యకుండా వస్తాడా ఎవడైనా? వాడి ఉద్యోగం ఊడబీకిస్తా! కెమెరాలో అంతా ఉంది. తియ్యి, వెనక్కి తిప్పి చూపించు."

"వద్దు. ఇంటికి పోదాం. నేను నడుపుతా."

"చూపించు అంటున్నా!"

"ఇప్పుడొద్దు డెల్బర్ట్."

"ఇప్పుడే. చూపించు."

"ఇదిగో. ఇక్కడే నువ్వు తలుపు తీసింది."

"ఆఁ... చూడు. కూత ఉందా? లేదు. చెప్పానా!"

"నువ్వు 'ఉష్' అన్నది వినపడిందా?"

"లేదు... అదీ లేదు. అయితే మైకు చెడిపోయినట్టుంది. కొత్త సరుకు, ఆదిలోనే హంసపాదు! సోమవారం తిరిగి పంపించేద్దాం."

"మైకు బాగానే ఉంది."

"మరైతే సౌండు పెంచు."

"ఇంకెక్కడ పెంచను? మొత్తం పెంచేశాను. అది కూస్తూనే ఉంది డెల్బర్ట్. నువ్వు తలుపు తియ్యకముందు నుంచీ కూస్తోంది. ఇప్పుడు ఇందులోనూ కూస్తోంది. నా చెవులు చిల్లులు పడుతున్నాయి."

"ఇటివ్వు. చెవికి ఆనించుకుని వింటా."

"నా మొహం చూడు. నేను చెప్పేది అర్థమవుతోందా?"

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఫోను మోగినప్పుడల్లా నీ భుజం తట్టింది ఎవరనుకున్నావు? బస్సు పోతే నువ్వేమైపోతావో అని నోరు కట్టేసుకున్నాను. పాపిష్టిదాన్ని, పిల్లల సంగతి ఆలోచించలేదు."

"నేను వాళ్ళని 'ఉష్' అనేవాణ్ణి నోరీన్. ఆ పసివాళ్ళకైనా వినపడేదేమో. నేనే నోళ్ళు మూయించాను."

"ఏడవకు. పద ఇంటికి."

"ఫోను తియ్యి."

"ఎవరికి? స్కూలుకా?"

"స్కూలుకి తర్వాత. ముందు ఆ టిల్లట్సన్ ఆవిడకి. ఆవిడ చెప్పింది నిజమేనని చెప్పాలి. క్షమించమని అడగాలి."

"ఇదిగో, కలిపాను. మోగుతోంది. పట్టుకో."

"నువ్వే మాట్లాడు నోరీన్. ఆవిడేమంటుందో నాకు వినపడదు."