మా బావ చేసిన డబ్బా పొయ్యి

అదా? దాన్ని పాత సామాన్లలో వెయ్యకు తల్లీ, ఇటివ్వు. డబ్బాలో డబ్బా అని నవ్వుతున్నావు గానీ, అది పొయ్యి. మా బావ చేసింది. బావంటే మా అక్క మొగుడు, నువ్వు చూళ్ళేదులే, మీ అమ్మ కూడా చూళ్ళేదు. ఆయనది రేకు పని. బకెట్లకి అడుగులు వేసేవాడు, గరాటాలు చేసేవాడు. వీధిలో అందరూ డబ్బాలాయన అనేవాళ్ళు. ఆయన కొట్టుని ఆనుకునే నా సైకిల్ షాపు, కాబట్టి ఆయన తుమ్మినా నాకు వినపడేది. ఏంటీ? పైన అంచు చుట్టూ చిల్లులన్నీ మట్టితో మూసేసి, ఒక్కటే తెరిచి ఉందేంటంటావా? ఆ ఒక్కటీ మా అక్క తీసింది. ఉండు, చెప్తాను, ముందు ఆ కుర్చీ ఇటు లాగు.

వాళ్ళకో కూతురుండేది. నాలుగేళ్ళది. గడప మీద కూర్చుని, వాళ్ళ నాన్న కత్తిరించి పారేసిన రేకు ముక్కలతో ఆడుకునేది. చేతులు కోసుకుంటావే అంటే వింటేనా. జ్వరం వచ్చింది, పోయింది. ఇంకేం చెప్పను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు. 'అతని ముందు ఏడవకే, మగాడు కుంగిపోతే లేపలేం' అని మా అమ్మ అక్కకి చెప్పింది. 'మీరే నిబ్బరంగా ఉండాలి అల్లుడూ' అని మా నాన్న ఆయనకి చెప్పాడు. పెద్దవాళ్ళు మంచికే చెప్పారు. ఆ మంచే కొంప ముంచింది. మా అక్క పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేది. పచ్చి కట్టెలు, గది నిండా పొగ, ఎవడికి తెలుస్తుంది? కళ్ళెందుకే అలా ఉన్నాయంటే పొగ అనేది. ఈయన నమ్మాడు. నమ్మి, దీనికి పొగ లేని పొయ్యి చేసిపెట్టకపోతే నేను రేకు పట్టుకోవడం దండగ అని కూర్చున్నాడు.

ఎవరో లారీ డ్రైవర్ చెప్పాడట, కట్టెల పొగ ఉత్త పొగ కాదు, అది మండే గ్యాసు, దాన్ని కూడా కాల్చేస్తే పొగే మిగలదని. ఇక పట్టుకున్నాడు. పెద్ద రంగు డబ్బాలో చిన్న పాలపొడి డబ్బా, మధ్యలో గాలి ఆడేంత సందు. ఆయన రేకు పనివాడు కదా, అలవాటుకొద్దీ అతుకులకి టంకం పెట్టాడు. మంటకి టంకం కరిగి, అడుగు ఊడి, గిన్నెతో సహా అన్నం బూడిదలో పడింది. నవ్వు, నవ్వు, మేమూ నవ్వాం. మరుసటిది అంచులు మడతపెట్టి చేశాడు. దీంట్లో కట్టెలు బొటనవేలంత ముక్కలు కొట్టి నిండా నింపి, నిప్పు పైన పెట్టాలి. కింద కాదు, పైన. 'నిప్పుకి కూడా తల్లకిందులు నేర్పుతున్నాడమ్మా' అని మా అక్క వెక్కిరించేది. పైన అంటిస్తే మంట మెల్లగా కిందికి దిగుతుంది, లేచిన పొగ ఆ పై చిల్లుల్లోంచి వచ్చే గాలితో కలిసి అక్కడే అంటుకుంటుంది. నిప్పు లేందే పొగ రాదంటారు కదా, 'నిప్పు బాగుంటే పొగే రాదురా' అనేవాడు మా బావ. ఏడాది పట్టింది.

కుదిరిన రోజు నన్ను కూడా కేకేశాడు. చేతిలో ట్యూబుతో అలాగే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మా అక్క బంగాళదుంపలు ఉడకేసింది. చిల్లు చిల్లుకీ ఒక మంట, పువ్వులా లేచింది. పొగ నూలుపోగంత కూడా లేదు. 'చూడవే, ఉందా పొగ?' అని ఈయన కింద కూర్చుని, మురిసిపోతూ తలెత్తాడు. ఆవిడ కళ్ళు ధారగా కారుతున్నాయి. 'ఇంకా తగులుతోందా?' అన్నాడు. 'ఆఁ, కొంచెం' అంది. ఆయన పొయ్యి వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. 'అవును, పై చిల్లులు సరిగ్గా పడలేదు' అన్నాడు.

మర్నాడు పొద్దున్నే దాన్ని కొట్టుకి తెచ్చి, తడిమట్టి పిసికి, ఒక్కో చిల్లూ మూసేస్తున్నాడు. ఏడాది చాకిరీ, నీకేమైనా పిచ్చా బావా అన్నాను. తలెత్తలేదు. 'మీ అక్కకి పొగ కావాలిరా' అన్నాడు. ఎవరితో అనకు అని ఒట్టు వేయించుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ అమ్మమ్మ అంటుంది కదా, ఈ ఒక్కటి మాత్రం నానింది. నానకుండా ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఎవరడిగినా బ్రహ్మాండమైన పొయ్యిలు చేసిచ్చాడు, ఒక్కదానికీ పొగ రాదు. సొంత ఇంట్లోనే పొగ. మసి పట్టాక ఆ మట్టి ఎవరికి కనిపిస్తుంది? 'మా ఆయన పనితనమంతా పైవాళ్ళకే' అని మా అక్క దగ్గుతూనే ఆడిపోసుకునేది. ఆయన పడేవాడు. వంట అవుతున్నంతసేపూ కొట్లో రేకు కొడుతూనే ఉండేవాడు. గిరాకీ లేకపోయినా కొట్టేవాడు. ఆ చప్పుడు వెనకాల ఆయన ఏం చేసుకున్నాడో నాకేం తెలుసు.

ఆయన పోయాక ఓ రోజు వెళ్తే, మా అక్క దీని ముందే కూర్చుని ఊపిరాడక దగ్గుతోంది. చూడలేకపోయాను. అక్కా, ఆ మట్టి తీసేస్తే పొగ రాదే అన్నాను. 'ఏం మట్టి?' అంది. చెప్పాను. అంతా చెప్పాను. పొయ్యి చల్లారేదాకా ఆగి, లోపలి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మేకుతో ఒక్క చిల్లు తీసింది. తీసి ఆగిపోయింది.

'అయితే ఆయనకి తెలుసా?' అంది. తెలుసక్కా అన్నాను. ఆ చిల్లు మీద వేలు పెట్టుకుంది. 'తెలిస్తే మరి వచ్చి నా పక్కన కూర్చోవచ్చుగా తమ్ముడూ' అంది.

...

వద్దు, మిగతావి తియ్యకు. ఆ మేకు అక్కడ పెట్టెయ్యి. మీ అమ్మమ్మ ఎందుకో పిలుస్తున్నట్టుంది, వెళ్ళి చూడు.