దాంపత్య ఆరోగ్యం చెప్పడం మానని డాక్టరు చూడామణిగారు

1929వ సంవత్సరం జూలై ఒకటవ తేదీన కుమారి చూడామణిగారు చూలైలోని మన స్త్రీజన ధర్మాసుపత్రిలో సహాయ వైద్యురాలిగా పదవీ స్వీకారం చేశారు. తరతరాల క్రితం నెల్లూరు సీమ నుండి చెన్నపట్టణానికి వచ్చి స్థిరపడిన కుటుంబం వారిది. తండ్రిగారు రంగనాథంగారు బడిపంతులు. కుమార్తెకు వివాహం చేయక వైద్యం చదివిస్తున్నాడని బంధువులు రాకపోకలు మానుకున్నప్పటికీ, ఆయన చలించక ఆమెచేత ఎల్.ఎం.పి. వైద్య పరీక్ష పూర్తి చేయించారు. తండ్రిగారి ఆ మొండితనమే తనకు సంక్రమించిన ఆస్తి అని చూడామణిగారు నవ్వుతూ చెబుతూ ఉంటారు.

తొలి దశాబ్దమంతా ఆమె చూలై సందుల్లో, పట్టాళం ఇరుకు ఇళ్ళలో పురుళ్ళు పోస్తూ గడిపారు. యుద్ధకాలంలో బాంబులు పడతాయన్న భయంతో నగరం సగానికి సగం ఖాళీ అయి, ఆసుపత్రిని మూసివేయడమే మేలని పెద్దలు తలచినప్పుడు, "గర్భిణులు బాంబుల కోసం ఆగి కంటారా?" అని ప్రశ్నించి, ఇద్దరు నర్సులతో ఇక్కడే ఉండిపోయారు. ఆ రోజుల్లో ఆమె చేసిన సేవకు ఆసుపత్రి నిర్వాహక సంఘంవారు శాలువ కప్పి సత్కరించారు. ఆ తరువాత ఆమె చేసిన పనికి మాత్రం ఎవ్వరూ శాలువ కప్పలేదు. ఆసుపత్రి ఉద్యోగులమైన మేము వ్రాస్తున్న ఈ వ్యాసం ముఖ్యంగా ఆ పనిని గురించినది.

1951లో కోడంబాక్కం నుండి కోకిల అనే యువతి ఆసుపత్రికి వచ్చింది. ఆమె భర్త మునికృష్ణ సినిమా స్టూడియోలో సెట్లు కట్టే వడ్రంగి. ఎడతెగని తలనొప్పి, నిద్రలేమి, గుండెదడ అని ఆమె చెప్పింది. పరీక్షించి చూస్తే శరీరంలో ఏ లోపమూ కనబడలేదు. ఇతరులైతే ఒక టానిక్కు రాసి పంపి ఉండేవారు. చూడామణిగారు తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ముందుకు జరుపుకొని అడిగారు:

"నీ మొగుడు నీతో బాగుంటాడా అమ్మా?"

కోకిల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. "ఆయన ఆడ బయట తిన్నెమీద పండుకుంటాడు డాక్టరమ్మా, లోపలికే రాడు. నన్ను చేరితే ఒంట్లో బలం పోయి క్షయ వస్తాదంట. లేహ్యం అమ్మేవోడు చెప్పినాడంట. మా అత్త ఏమో నాలో లోపముండాదని, నన్ను పుట్టింటికి పంపించి ఇంకో పెళ్ళి చేస్తానంటాండాది."

చూడామణిగారి మనస్సు భగ్గుమంది. ఆరోగ్యవంతులైన ఇద్దరు మనుషులను ఒక లేహ్యం డబ్బా విడదీస్తున్నది! మరునాడే భర్తను పిలిపించారు. అతడు తల ఎత్తకుండా నిలబడ్డాడు.

"కూర్చో నాయనా. రోజంతా దూలాలు మోస్తావే, అప్పుడు నీ గుండె ఎట్లా కొట్టుకుంటుంది?"

"దడదడా కొట్టుకుంటాదమ్మా. చెమట కారతాది."

"దానివల్ల చచ్చిపోయావా?"

"లేదమ్మా."

"భార్యాభర్తలు కలిసినప్పుడూ శరీరం చేసేది అదే. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి ఎగసిపడుతుంది, రక్తం చర్మం దాకా పరుగెడుతుంది. ఆ తరువాత అన్నీ వాటంతట అవే నెమ్మదిస్తాయి. నరాల బిగువు సడలి చక్కని నిద్ర పడుతుంది. నువ్వు పోతుందని భయపడేది శరీరం నిత్యం తయారుచేసుకునేదే. ఉమ్మి ఊసినంత మాత్రాన నెత్తురు తగ్గిపోతుందా? క్షయ వచ్చేది సూక్ష్మక్రిములవల్ల, పెళ్ళాం వల్ల కాదు."

మునికృష్ణ మొదటిసారి తల ఎత్తాడు. "నిజంగానా అమ్మా? ఇన్నాళ్ళూ సుమ్మా, ఊరికే భయపడి చచ్చినానా?"

"ఇంకొక మాట కూడా విను. ఆడదాని శరీరం నెమ్మదిగా మేలుకుంటుంది. ఆమెకూ రక్తం చేరాలి, తడి ఊరాలి, మనసు కుదరాలి. అంతదాకా ఆగాలి. ఆగకపోతే ఆమెకు మిగిలేది నొప్పే. ఆమెకు ఇష్టం లేనినాడు ఆ ఊసే వద్దు."

కొన్ని వారాలకే కోకిల తలనొప్పి తగ్గింది. అంతకన్నా వింత, ఆమె అత్త మునియక్కే ఒకనాడు ఆసుపత్రికి వచ్చి చూడామణిగారి ఎదుట కూర్చుంది. "నా కాలంలో ఈ మాట ఎవురూ చెప్పలేదే డాక్టరమ్మా. నొప్పే సంసారమనుకున్నా," అన్నది. ఆ వాక్యం విన్న రాత్రి తనకు కంటిమీద కునుకు పట్టలేదని చూడామణిగారు మాతో చెప్పారు. కోకిలను, ఈ వృత్తాంతం వ్రాయవచ్చునా అని అడిగితే, "నా పేరే వెయ్యండి, నాకేం సిగ్గు?" అన్నది.

మునియక్క మాటతోనే శనివారం ఉపన్యాసాలు పుట్టాయి. వివాహిత స్త్రీలకు దాంపత్య ఆరోగ్యం అనే పేరుతో, ఆసుపత్రి హాలులో చూడామణిగారు గోడకు పటాలు తగిలించి, శరీరంలోని ప్రతి భాగాన్నీ దాని పేరుతో పిలిచి, అది ఏమి చేస్తుందో, ఎందుకు చేస్తుందో వివరించేవారు. సుఖమైన దాంపత్యం వల్ల నిద్ర కుదురుతుందనీ, ఒంటినొప్పులు ఉపశమిస్తాయనీ, చిరాకు తగ్గుతుందనీ, అయితే అది సర్వరోగ నివారిణి కాదనీ, జబ్బు చేస్తే మందు మందేననీ స్పష్టంగా చెప్పేవారు. వచ్చిన వారు మొదట నేల చూపులు చూసేవారు, తరువాత నవ్వేవారు, ఆ తరువాత ప్రశ్నలు అడిగేవారు.

నిర్వాహక సంఘం కార్యదర్శి భాష్యంగారు పూర్వం వకీలు. 1953లో వారు చూడామణిగారిని సంఘం సమావేశానికి పిలిపించారు.

"ఇవి కులస్త్రీలు వినవలసిన మాటలేనా డాక్టరుగారూ?"

"వింటున్నది కులస్త్రీలేనండీ. ఇన్నాళ్ళూ వినకనే జబ్బుపడ్డారు."

"తమకు వివాహమే కాలేదు. ఈ విషయం తమకేమి తెలుస్తుంది?"

గదిలో ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. చూడామణిగారు నవ్విన వారివైపు తిరిగారు. "నాకు క్షయ కూడా లేదండీ. అయినా పాతికేళ్ళుగా క్షయకు వైద్యం చేస్తున్నాను. అప్పుడు తమరెవ్వరూ ఈ ప్రశ్న అడగలేదు."

భాష్యంగారు స్వరం తగ్గించి ఒక రాజీమార్గం చూపారు. శుభ్రత, గర్భధారణ, ప్రసవం వరకు చెప్పవచ్చును. సుఖం అన్న మాట మాత్రం ఎత్తకూడదు. ఆ షరతుకు అంగీకరిస్తే, త్వరలో ఖాళీ కానున్న ప్రధాన వైద్యాధికారిణి పదవి ఆమెదే.

"ఆకలి మాట ఎత్తకుండా అన్నం గురించి చెప్పమంటున్నారు. నాకు చేతకాదు," అని నమస్కరించి ఆమె బయటికి వచ్చారు.

పదవి మరొకరికి దక్కింది. హాలు తలుపుకు శనివారాలు తాళం పడింది. ఆ సాయంకాలం ఇంటికి వెళ్ళి, ఇకమీదట ఉపన్యాసాలు మన వసారాలోనే అని ఆమె చెప్పగా, తమ్ముడు దామోదరంగారు కలవరపడి, "అక్కా, వీధిలో నేను తల ఎత్తుకొని తిరగవద్దా?" అన్నారు. ఆమె జవాబు చెప్పేలోగా మరదలు వరదలక్ష్మిగారు వంటింట్లో నుంచే, "మీ తల సంగతి తరువాత చూద్దాం. వదినా, చాపలు నేను పరుస్తాను," అన్నారు. తరువాతి శనివారం వచ్చిన వారికి మంచినీళ్ళు అందించింది దామోదరంగారే!

వసారా నిండింది. ఎవరో గోడమీద బొగ్గుతో బూతులు వ్రాస్తే, చూడామణిగారు వాటిని చెరపనివ్వక, "అక్షరదోషాలున్నాయి, రాసినవారిని కూడా పాఠానికి రమ్మనండి," అన్నారు. క్రమంగా భర్తలు సైతం ఎదురింటి అరుగు మీద చేరి, వార్తాపత్రిక చదువుతున్నట్లు నటిస్తూ చెవులు ఇటు అప్పగించేవారు. ఒకనాడు ఆమె వారివైపు తిరిగి, "ఈడికే వచ్చి కూర్చోండి నాయనా, ఆడినుంచి సగమే వినపడుతుంది," అని పిలిచారు. కొందరు పారిపోయారు. కొందరు వచ్చారు.

తనకన్నా చిన్నవారి కింద ఆమె ఈ అయిదేళ్ళూ పనిచేశారు; ఆ వైద్యాధికారిణిని ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. రోగులకు ఆమె ఇచ్చే శ్రద్ధలో రవ్వంత లోటు రాలేదు. బాధపడలేదా అంటే పడ్డారు. ప్రధాన వైద్యాధికారిణి గది ముందు నుండి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఆమె అడుగు వేగం పెరగడం మేమందరం గమనించాము. అయినా, తాళం తీస్తాము, క్షమాపణ చెప్పండని రెండేళ్ళ క్రితం సంఘం నుండి కబురు వచ్చినప్పుడు, "నా వసారాకు తలుపే లేదు, తాళంతో నాకేం పని?" అని తిప్పి పంపారు.

ఈ అభినందన సంచికలో ఆమె ప్రసూతి సేవలను మాత్రమే ప్రస్తావించి, శనివారం సంగతి విడిచిపెట్టవలసిందిగా సంఘంవారు మన ఉద్యోగుల సమితికి సూచించారు. సమితి సమావేశంలో నర్సు పంకజంగారు లేచి, "ఆ సంగతి లేకపోతే సంచికలో నా ఫోటో వేయొద్దు. నా సంసారం నిలబడింది ఆ వసారాలోనే," అన్నారు. వెంటనే కాంపౌండరు మాదయ్యగారు చెయ్యెత్తారు, తరువాత అందరూ ఎత్తారు. కనుక ఆ సంగతి వ్రాశాము, సంఘంవారు చదువుతారని తెలిసే వ్రాశాము. ఆమె చెప్పినది వైద్యం. దానిని దాచిపెట్టి ఆమెను పొగడడం ఆమెను అవమానించడమే అవుతుంది.

1958 జూన్ నెలాఖరుతో డాక్టరు చూడామణిగారు పదవీ విరమణ చేస్తున్నారు. మన ఆసుపత్రికి ఇది లోటే. వారు సంపూర్ణ ఆరోగ్యంతో, తరగని ఓపికతో, ఖంగుమనే ఆ కంఠంతో నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ఆమె మాట విన్న ఇల్లాళ్ళ కుమార్తెలు, మనుమరాళ్ళు కూడా ఆమె ముందు కూర్చొని నిర్భయంగా ప్రశ్నలు అడగాలనీ మనసారా కోరుకుంటున్నాము. రేపటి నుండి ఆమె ఎవరి ఉద్యోగీ కారు. ఆమెను నోరు మూసుకోమని చెప్పగల అధికారి ఇక ఈ పట్టణంలో లేడు.