కునైనుకు కొలత నా నాలుక

పెబ్బేరు సంత రోజు తిరుపతమ్మ చాయ్ హోటలు ముందు నాగప్ప కూర్చున్నాడంటే చుట్టూ నలుగురు చేరినట్టే. ఆ రోజు ఆత్మకూరు బాలస్వామి చేతిలో పొట్లంతో వచ్చాడు. ఇంట్లో అతని భార్య మూడు రోజులుగా చలిజ్వరంతో వణుకుతోంది. సంతలో ఎవరో కునైను మందని అమ్మితే కొన్నాడు. యుద్ధం మొదలైనప్పటి నుంచి సుద్దపొడిని కూడా కునైనని అమ్మేస్తున్నారు మరి.

"నాగప్ప మామా, పట్నంల మందులు పరీక్ష చేసేకాడ ఉంటివంట గదా. జర నాలుక మీద ఏసుకొని చూడు, అసలుదా నకిలీదా?"

నాగప్ప పొట్లం తీసుకుని పక్కన పెట్టుకున్నాడు.

"చెప్త అల్లుడా, ముందుగాల నా నాలుక సంగతి విను. మా డాక్టరుసాబు కాడ ఒక సీసా ఉండె, నా బొటనవేలంత. విలాయత్ నుంచి వచ్చింది, మూతికి లక్కముద్ర, ఎంబడి కాయితం. దాంట్ల ఉన్నదే అసలు కునైను. ఏ ఊరి మందొచ్చినా దాని పక్కకు పెట్టి చూసుడే, గట్ల ఉంటే పాసు, లేకుంటే మోరీలకు. ఒకనాడు సాబు ఆ సీసాల నుంచి రవ్వంత నా నాలుక మీద ఏసిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? యుద్ధానికి ఓడలు బందాయె, సీసా ఖాళీ ఆయె, సాబు పరేషాన్. 'ఇగ నీ నాలుకనే కొలత నాగప్పా' అన్నడు. మందు ఏసుడు, నేను కండ్లు మూసుడు, 'రూపాయిల పద్నాలుగణాలు అసలు, రెండణాలు సుద్ద' అనుడు, సాబు రాసుకునుడు!"

"ఒక్కపారి గూడ తప్పు పోలేదా?" అన్నాడు పక్కనే చాయ్ తాగుతున్న గోవిందు.

"తప్పా? బొంబాయోళ్లు మూడు రోజులు కూసొని లెక్కగట్టి, ఆఖరుకు నేను చెప్పిందే చెప్పిరి! ఇగ సర్కారు నా నాలుకకు పారా పెట్టింది. మిరపకాయ బందు, బెల్లం బందు. తుపాకులతోని ఇద్దరు జవాన్లు, నేను ఆవులిస్తే సలాం కొడుదురు. పండుకునే ముందు నాలుకకు లక్కముద్ర ఏసుడు, తెల్లారి సాబు వచ్చినంకనే ముద్ర విప్పుడు."

"కాలలేదా మామా?" అన్నాడు బాలస్వామి.

"నడుమల మాట్లాడకు. విలాయతోళ్లు ఓడెడు మందు పంపిరి. సముద్రం ఒడ్డుకు నిలబడి నాలుక చాపితి, గాలికే చెప్పిన, ఏడో మూట నకిలీ అని! మళ్లొస్తుంటె బీచుపల్లి కాడ కృష్ణా నదిల పుక్కిలించి ఉమ్మితి. సోమశిల దాక మూడేండ్లు ఒక్క మనిషి వణకలే, దోమలన్నీ మూటాముల్లె సర్దుకొని పోయె. గా నీళ్లే ఒక చెంబు ఇంటికి తెస్తి. మా ఇంటిది ఈదమ్మ అప్పటికి జ్వరంతోని మూడు దుప్పట్లు కప్పుకొని పండింది. ఒక్క గుక్క తాగింది. లేచి కూసున్నది. 'ఏందయ్యా, గింత చేదు తెచ్చినవు' అని నా మీద కయ్యిమన్నది. కొప్పు ముడేసుకొని పొయ్యి ముట్టించింది, జొన్నరొట్టె చేసింది, నా పక్కకే కూసొని..."

నాగప్ప పక్కనున్న పొట్లం వైపు చూశాడు.

"...తిన్నది."

తిరుపతమ్మ గ్లాసులు కడగడం ఆపింది.

"అన్నా, ఈదమ్మొదినకు ఆఖరి స్నానం పోసింది నేనే గదా."

నాగప్ప తల ఎత్తకుండానే చెప్పాడు.

"బతికుంటే గట్లనే కయ్యిమంటుండె. ఆమె తిట్టు ఇనక రెండేండ్లాయె తిరుపతమ్మా, ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు. ఆ సీసా అద్దాల అల్మారిల ఉండె, నేను బయట ఊడుస్తుంటి. ఈదమ్మకు రెండు చిటికెలు ఇయ్యమని సాబు కాళ్లు పట్టుకున్న. 'ఇది కొలతకు నాగప్పా, మందుకు గాదు' అన్నడు. సంతల కొన్నదే తెచ్చి పోసిన. ముందుగాల నాలుక మీద ఏసుకొని చూసిన గూడ. చేదుగనే ఉండె."

పొట్లం తీసి బాలస్వామి చేతిలో పెట్టాడు.

"నా నాలుకకు ఏం తెల్వదు అల్లుడా. బండి కట్టు, నీ పెండ్లాన్ని వనపర్తి దవాఖానకు కొంచపో. జల్దీ పో."