వ్యానులో వంటగ్యాసు బండ

వరస కాస్త అటూ ఇటూ అవుతుందేమో ఇమ్మానుయేలూ, ముందే చెబుతున్నాను. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదని నువ్వే కదా ఊరంతా చాటావు. అందుకే ఎస్సైగారు వచ్చేలోపు ఒకసారి నీకే అప్పజెబుదామని కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు తెలిసినవాడివి నువ్వే కదా మరి.

నువ్వు నోరు కదపక్కర్లేదు. గండం గడిచిందట, మూతి మీద కట్టు మాత్రం ఇంకొన్నాళ్ళు ఉంటుందంది డాక్టరమ్మ. ఎడమచెయ్యి బాగానే ఉందిగా. నేనెక్కడన్నా తప్పు చెబితే ఆ చూపుడువేలు ఎత్తు. ఏదీ, ఒకసారి ఎత్తి చూపించు.

ఆ, అంతే. మా అన్న కొడుకువి, చిన్నప్పటి నుంచీ చురుకే.

తలుపు వైపు చూడకు. నీ పెళ్ళాం మందులకని కిందకి వెళ్ళింది. అక్కడ ఎంత పెద్ద వరసుందో నేను చూసే వచ్చాను. ఇప్పట్లో రాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి? పెట్రోలు దగ్గర. నీ మారుతీ వ్యాను పెట్రోలు తాగేస్తోందని పొద్దస్తమానం గోల. మిరపకోతలకి ఆడవాళ్ళని పొలాలకి చేర్చడం, తిరిగొచ్చేటప్పుడు కాయ తొక్కిన టిక్కీ బస్తాలు వేసుకుని కోల్డు స్టోరేజీకి పోవడం, ఎంత తిరిగినా బంకువాడికే పోతోందన్నావు. గ్యాసుకి మార్పిస్తానన్నావు. నేను కాదన్నానా? మంచిదే, మార్పించుకోమన్నాను.

నా కంటి డాక్టరు కోసం గుంటూరు వెళ్ళినప్పుడు ఆ కిట్లు పెట్టే షాపుకి కూడా తీసుకెళ్ళావు. అక్కడి అబ్బాయి ఎంత ఓపిగ్గా చెప్పాడు. కారుకి వేసే ట్యాంకు వేరే ఉంటుందండి, పైపు తెగితే దానంతటదే మూసుకుపోతుందండి, తర్వాత బ్రేకినస్పెక్టరు చూసి సి బుక్కులో ఎక్కించాలండి అని. నువ్వు ఫోను చూసుకుంటున్నావు. నేను గోడ మీద అట్టలు చదువుతున్నాను. బడి మొహం చూడనిదాన్ని, బైబిలు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నదాన్ని, అక్షరం కనబడితే వదలబుద్ధి కాదు నాకు. వంటగ్యాసు బండని బండికి వాడరాదు అని ఎర్రగా రాసుంది. పైకి చదివాను కూడా. నీకు వినబడింది.

వినబడి, అటునుంచటే వినుకొండ రోడ్డులో మెకానిక్కు జక్రయ్య షెడ్డుకి పోనిచ్చావు.

ఏంటి, వేలెత్తావు? ఆ రోజు కాదా? మర్నాడా? ఆగు ఆగు. శుక్రవారం కంటి డాక్టరు, శనివారం షెడ్డు. అవును, మర్నాడే. చూశావా, ఇలా సాయం పట్టు. పోలీసుల దగ్గర తడబడితే నాకే కదా నామర్దా.

షెడ్డులో వెనక సీటు వెనకాల బండని పడుకోబెట్టారు. రబ్బరు పైపు లాగారు. స్టీరింగు పక్కన చిన్న స్విచ్చి, అటు నొక్కితే పెట్రోలు, ఇటు నొక్కితే గ్యాసు. పైన గోనెసంచి కప్పారు. అయిపోయింది. ట్యాంకూ లేదు, బ్రేకినస్పెక్టరూ లేడు.

ఆ బండ ఎవరిదో కూడా చెప్పాలిగా. నాది. నా పేరు మీద వచ్చినది. మీ వంటింట్లో నీ పెళ్ళాం దేవకుమారి బండ కదల్లేదు, నా గదిలోది కదిలింది. ఒక్కదానివి, నీకు గ్యాసెందుకత్తా అన్నావు. నేను పత్తికట్టె ఏరుకొచ్చి పొయ్యి కింద పెట్టుకున్నాను. ఊదలేక కళ్ళు వాచిపోతే మళ్ళీ నువ్వే కంటి డాక్టరంటివి.

సరే. తర్వాత వాసన.

వ్యానులో ఎక్కినవాళ్ళందరికీ తుమ్ములే. సందుల్లో మిరపకాయ ఇరుక్కుని ఆ ఘాటు ఎప్పుడూ ఉండేదిగా. ఆ ఘాటులో ఇంకే వాసనా ఎవరికీ ఆనలేదు. నా సంగతి వేరు. వయసంతా కోల్డు స్టోరేజీలో మిరపకాయలకి తొడాలు తీసినదాని ముక్కు ఇది. మిరప ఘాటు దీన్నేం చేయదు. అందుకే దాని వెనకాల కుళ్ళిన ఉల్లిపాయ కంపు నాకు తెలిసింది. చెప్పాను. వ్యాను నిండా ఆడవాళ్ళున్నారు, అందరి ముందూ నువ్వేమన్నావు?

"మతి పోయిందనుకున్నాం, ముక్కు కూడా పోయిందా అత్తా?"

విరగబడి నవ్వారు. నవ్వనివాడు యలమంద ఒక్కడే. నీ దగ్గర జీతానికి బండి నడిపేవాడు, ఏమంటాడు పాపం. ఆ రోజు నుంచీ అద్దాలన్నీ దించి నడిపేవాడు. అద్దాలు దించితే మిరపదుమ్ము కొడుతోందని నువ్వు వాణ్ణి తిట్టావు.

గుడిలో సంగతి ముందా, వెనకా? వెనకే. వ్యానులో ఎవరూ వినలేదనే కదా గుడిలో లేచాను. ప్రార్థన మనవులు చెప్పుకునే టైములో లేచి, మా ఇమ్మానుయేలు బండిలో గ్యాసు కారుతోంది, కూలీ తల్లులు ఎక్కుతున్నారు, వాడికి బుద్ధి పుట్టేలా ప్రార్థన చేయండి అన్నాను. నేనింకా కూర్చోలేదు, నువ్వు లేచావు. ఎంత మెత్తగా మాట్లాడావు ఆ రోజు.

"మా దీనమ్మత్తకి మతిమరుపు జబ్బొచ్చింది. ఏవేవో ఊహించుకుంటోంది. సంఘమంతా ఆమె కోసం ప్రార్థించాలి."

అంతే. పాస్టరుగారు దిగొచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. అందరూ నిలబడ్డారు. నా మతి కోసం, నేను వింటుండగా, నా చుట్టూ నిలబడి ఏడ్చి మరీ ప్రార్థన చేశారు. ఆమెన్ అని అందరికంటే గట్టిగా అన్నది నీ పెళ్ళాం.

ఆ తర్వాత ఊళ్ళో నేను మనిషినా? పాలపాకెట్టుకి వెళితే కొట్టువాడు ఊరికే ఇచ్చేవాడు కాదు, ఇవాళ ఏ వారం మామ్మా అని అడిగి, చెబితేనే ఇచ్చేవాడు. నేను నిజంగానే ఒకటీ అరా మర్చిపోతున్నాను, నాకు తెలియదనుకున్నావా? తెల్లారి లేవగానే భయమేస్తుంది, ఇవాళ ఏది పోయిందోనని. ఆ భయాన్ని తీసుకెళ్ళి నీ గ్యాసు బండ మీద గోనెసంచిలా కప్పావు చూడు, అది నేను మర్చిపోవడం లేదు. ఎంత ప్రయత్నించినా.

కాస్త జ్యూసు తాగు. కట్టు సందులోంచి చెంచాతో పోస్తాను. నిదానంగా. పొలమారితే నన్నంటారు.

ఇక అసలుది. కల్లం. మధ్యాహ్నం. కూలీలు అన్నాలకి తూముగట్టు దగ్గరికి పోయారు. నేను ఎండే కాయల పక్కన పట్టా నీడన కూర్చుని ఉన్నాను. బండలో గ్యాసు అయిపోయిందని నువ్వు ఇంకో బండ దింపావు. ఇంజను ఆపమంటావా అన్నా అని యలమంద అడిగాడు. ఆపితే మళ్ళీ స్టార్టు కాదు, పెట్రోలు మీద ఉంచు అన్నావు. గోనెసంచి తీసి, పైపు నువ్వే బిగించావు. బుస్సుమని చప్పుడు నా దాకా వినబడింది. యలమంద ఒద్దొద్దని అరుస్తూ పరిగెత్తాడు. అప్పుడు అంటుకుంది.

కాయల కుప్పకీ మంట పాకింది. ఆ మిరప పొగకి గట్టు మీద నుంచి ఒక్క మనిషి రాలేకపోయాడు. దగ్గుతూ వెనక్కే పోయారు. నాకూ కళ్ళు మండిపోయాయి కానీ కాళ్ళు నడిచాయి. నేను చూస్తుండగా యలమంద నీ చంకల కింద చేతులేసి ఈడ్చాడు. నేను పట్టా పట్టుకొచ్చి కప్పాను. వాడి రెండు చేతులూ తోలు ఊడిపోయి ఉన్నాయి.

ఇప్పుడు ఆ చేతులకి కట్లు కట్టించి స్టేషన్లో కూర్చోబెట్టారు.

ఎస్సైగారికి చెప్పమని దేవకుమారి నాకు నేర్పిన పాఠం కూడా అప్పజెబుతాను, అదీ విను. బండ ఇంటికి తీసుకెళ్తున్నది. వ్యానుకి దానికీ సంబంధం లేదు. బండ మూత తీసింది యలమంద. బీడీ వెలిగించిందీ యలమందే. ఇమ్మానుయేలు ఆర్పడానికి పోయి కాలాడు.

వేలు ఎత్తవేం?

వినబడలేదేమో. ఇంకోసారి నిదానంగా చెబుతాను. గ్యాసు విప్పింది యలమంద. బీడీ తాగింది యలమంద.

వాడు బీడీ తాగడు, నీకు తెలుసు.

చెయ్యి బాగానే ఉంది, ఇందాక శుక్రవారానికీ శనివారానికీ ఎత్తావుగా. అంత చిన్న తప్పుకి ఎత్తిన వేలు, ఒక మనిషి జైలుకి పోయే మాటకి దుప్పటి మీద అలా పడుకుందేం?

సరేలే. ఎత్తొద్దు. ఇక ఎత్తినా నేను చూడను.

ఒక మాట చెప్పనా ఇమ్మానుయేలూ, ఎవరికీ చెప్పలేదు. యలమంద కోసమే నోరు విప్పుతున్నానని నీ కూతురు జెస్సీతో అన్నాను. పిల్ల నమ్మింది, మామ్మ ఎంత మంచిదో అనుకుంది. యలమంద సంగతి నిజమే, వాడి చేతులు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. కానీ ఇందాక, ఆ బీడీ మాట చెప్పేటప్పుడు, నువ్వు వేలెత్తకూడదని లోపల లోపల మొక్కుకున్నాను. ఎత్తి ఉంటే నిన్ను క్షమించాల్సి వచ్చేది. మా అన్న కొడుకువి, ఒళ్ళంతా కట్లతో ఉన్నవాడివి, క్షమించేదాన్నేమో కూడా. అప్పుడు ఎస్సైగారి ముందు నా నోరు తడబడేది.

ఎత్తలేదు. నాకు పని తేలిక చేశావు. సంతోషంగా ఉంది, నిజం చెబుతున్నా. ఇలా సంతోషించకూడదని తెలిసీ సంతోషంగా ఉంది.

అదిగో జెస్సీ వచ్చింది. ఎస్సైగారు వచ్చారా తల్లీ? వరండాలో కూర్చున్నారా? వస్తున్నానని చెప్పు. మీ నాన్న కళ్ళు ముందు తుడు, దూదితో, అద్దినట్టు.

ఆ చెయ్యి ఇలా ఇవ్వు జెస్సీ, లేస్తాను. జరిగింది బాగానే అప్పజెప్పాను, పేర్లే భయం నాకు. కంగారులో ఒకరి పేరు ఇంకొకరికి అంటిస్తానేమో. నడుస్తూ చెబుతాను, తప్పుంటే అక్కడే ఆపు. షెడ్డువాడు జక్రయ్యేనా? యలమంద ఇంటిపేరేంటమ్మా? మీ నాన్నది ఆధార్లో ఎలా ఉందో అలా చెప్పు, పొల్లు కూడా పోకూడదు.