నాలుగో లైను ఎక్కడిదాకా?

కిసుము గూడ్సు యార్డు దిగువన, సరస్సు గట్టు మీద అవినో టీకొట్టుంది. దాని ముందు బల్ల మీద జెకారియా ఒదిందో కూర్చున్నాడంటే వినేవాళ్ళ చేతుల్లో టీ చల్లారిపోవాల్సిందే. ఆ పొద్దున ఆయనకి కొత్త మనిషి దొరికాడు, సర్వే చేయడానికొచ్చిన ఇంజనీరు కిమెలి. మూలబడ్డ యార్డుని మళ్ళీ తెరుస్తున్నారు. పాత పట్టాలు ఎక్కడిదాకా ఉండేవో అక్కడిదాకా స్థలం రైల్వేది, అందులో ఉన్న కొట్లన్నీ వారంలో లేపేస్తారు. పట్టాలేమో ఏనాడో పాత ఇనుము కింద పోయాయి, యార్డు పటాల్ని చెదలు తినేశాయి. అవినో కొట్టు సరిగ్గా నాలుగో లైను వరసలో ఉంది. ఆ లైను చివర బండికి అడ్డంగా కట్టిన బఫరు దిమ్మ ఎక్కడుండేదో చెప్పగలిగినవాడు ఊళ్ళో జెకారియా ఒక్కడే. అక్కడ బోగీల్ని ఏ లైన్లోకి మళ్ళించాలో చూసే షంటరుగా ముప్పై ఏళ్ళు జెండా ఊపి రిటైరయ్యాడు. అవినో మందాజీ బూరెలు వేయిస్తోందే గాని, చెవులు రెండూ ఇటే ఉన్నాయి.

"నాలుగో లైనా? దాని గురించి నన్ను కాక ఇంకెవర్ని అడుగుతారండీ ఇంజనీరుగారూ! ఇవాళ చూస్తే ఏముంది, మేకలు మేస్తున్నాయి, నీళ్ళ మీద గుర్రపుడెక్క. ఆ రోజుల్లో ఆరు లైన్లు, ఆరూ మొండి లైన్లే, సరస్సు దగ్గరికొచ్చి ఆగిపోయేవి, ముందుకి దారి లేదు. పత్తి, పంచదార, సిమెంటు... పడవ మీదికి బోగీలకి బోగీలే ఎక్కించేవాళ్ళం, ఉగాండా వెళ్ళిపోయేవి. పొగ ఇంజను కూత వేస్తే అవతలి గట్టు మీద కోళ్ళు లేచేవి. తర్వాత డీజిలొచ్చింది, ఆ తర్వాత లారీలొచ్చి అన్నీ ఎత్తుకుపోయాయి. ఇప్పుడు మీరేదో పెట్టెకి పెట్టే ఎత్తే యంత్రం తెస్తారట, మంచిదే. కానీ మొండి లైన్లో ఒక సూత్రముంది. యార్డు మొత్తం సరస్సు వైపు పల్లం కదా, అందుకని ఇంజను ఎప్పుడూ ఎగువనే ఉండాలి. పైన చదునులో బండి ఆపి, ఇంజన్ని తిప్పుకొచ్చి వెనక తగిలించి, బోగీల్ని మెల్లగా కిందికి తొయ్యాలి. ఇంజను ముందు దిగిందో, దాని ముందు బఫరు, వెనక బరువు. ముప్పై సిమెంటు బోగీల్ని ఎత్తుకి తొయ్యడం దాని తరం కాదు, ఇరుక్కుపోతుంది. సరిగ్గా అదే జరిగింది ఓ వానాకాలం. సాల్మన్ అని డ్రైవరు, కళ్ళు నెత్తికెక్కి ఇంజన్ని ముందుపెట్టి దించేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇరుక్కుంది," అన్నాడు ఒపొండో. మోటారు సైకిలు మీద జనాన్ని తిప్పే కుర్రాడు, బేరాల్లేనప్పుడు ఇక్కడే ఉంటాడు.

"ఇరుక్కోవడమా! స్టేషను మాస్టరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. రెండో ఇంజను రావాలంటే రెండు రోజులు. నేనన్నానూ, 'అయ్యా, ఒక గడ్డపార ఇప్పించండి చాలు.' చివరి బోగీ చక్రం కింద పెట్టి ఒక్క ఎత్తు ఎత్తా. కదిలింది."

"ఒక్క బోగీ అయితే కదుల్తుందిలే తాతా, నమ్ముతాం."

"ఒక్కటంటే నమ్ముతావు, ముప్పై అంటే నమ్మవూ? గడ్డపార వంగిపోయింది, పారేశా. భుజం పెట్టా. ఒక్కోటీ ఒక్కోటీ కాదురా, ముప్పై కలిపే! పదిహేను కదిలాక కొంచెం ఆయాసమొచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. అప్పుడు సరస్సు వైపు తిరిగి ఒక ఈల వేశా. ఆ ఈలకి ఏమొచ్చాయో తెలుసా?"

"చేపలా?"

"నీటిగుర్రాలురా, తొమ్మిది! వాటిల్లో పెద్దదానికి నేనంటే ప్రాణం, రోజూ దానికి చెరకు పడేసేవాణ్ణి. వరసగా నిలబడి బోగీలకి పిరుదులానించి తోశాయి. యార్డులో కూలీలందరూ టోపీలు తీసేశారు."

కిమెలి నవ్వాపుకుంటూ కాయితం మడిచాడు. "బాగుంది పెద్దాయనా. కానీ నాకు కావలసింది బఫరు."

"అక్కడికే వస్తున్నా. ఇంత తోసినా ఇంజనుకి మళ్ళడానికి చోటు చాల్లేదు. అప్పుడేం చేశానూ, బఫరు దిమ్మ, మీ లారీ అంత బరువుంటుంది, దాన్ని మొదలంటా పీకి భుజాన వేసుకున్నా. నడుచుకుంటూ దిగువకొచ్చా. నీటిగుర్రాలు వెనక పట్టాలు మోసుకొస్తుంటే, 'ఇటు పెట్టు, అటు పెట్టు' అని వేయించా. ఇంజను నా వెనకే, పిల్లి పిల్లలా. నడిచీ నడిచీ కాళ్ళు నొప్పెట్టి, ఇదిగో, ఇప్పుడు అవినో పొయ్యి ఉంది చూశారూ, సరిగ్గా ఇక్కడ దించా! నాలుగో లైను ఇక్కడిదాకా తెచ్చినవాణ్ణి నేను!"

ఎవరూ నవ్వలేదు. జెకారియా చుట్టూ చూశాడు. కిమెలి మొహంలో నవ్వు పోయింది.

"నీటిగుర్రాల సంగతి అలా ఉంచండి," అన్నాడు నెమ్మదిగా. "లైను నిజంగానే తర్వాత పొడిగించారా? ఇక్కడిదాకా పట్టా ఉండేదా? ఈ చుట్టుపక్కల పాత షంటరు మాటే నాకు సాక్ష్యం." తన సంచీలోంచి హద్దు గీసే ఎర్రరంగు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

జెకారియా ఆ డబ్బా వంక చూశాడు. లేదని చెబితే కథంతా ఊడిపోతుంది. ఉందంటే కొట్టు పోతుంది.

అవినో పొయ్యి దగ్గర్నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇంజనీరుగారూ, లైను ఇక్కడిదాకా అప్పుడూ లేదు, ఆ తర్వాతా వెయ్యలేదు. అప్పుడే ఉంటే ఆ ఇంజను రెండు రోజులు ఇరుక్కునేదే కాదు. బఫరు అవతల ఇంకో ఇంజను పట్టేంత పట్టా ఉంటే పక్క లైన్లోకి మళ్ళి పైకెళ్ళిపోయేది. లేదు కాబట్టే ముప్పై బోగీల సిమెంటు కూలీలు మోసి దింపేదాకా అది కదల్లేదు. నాకు తెలుసు, ఆ రెండు రోజులూ మా అమ్మ వాళ్ళకి టీ కాచింది, కప్పులు నేనందించాను."

"అంటే బోగీలు తోసింది..." ఒపొండో మొదలుపెట్టాడు.

"ఎవరూ తొయ్యలేదు. నీటిగుర్రం ఒక్కటీ రాలేదు." ఆమె జెకారియా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. "బాబాయ్, ఇన్నేళ్ళూ నేను నోరు మెదపలేదు. సాల్మన్ డ్రైవరు తనంతట తను దిగలేదు. ఇంజను ముందుగా రమ్మని పచ్చజెండా ఊపింది ఎవరో ఆ రోజు నేను చూశాను, అయినా నువ్వే చెప్పు. నేను చెబితే టీకొట్టు కోసం చెప్పాననుకుంటారు."

జెకారియా చెవులు కాలిపోయాయి. ముప్పై తొమ్మిదేళ్ళ నుంచి ఆ బండి కథ ఎన్ని రకాలుగా చెప్పాడో ఆయనకే లెక్కలేదు. ప్రతిసారీ ఆ జెండా దగ్గరికి రాగానే పక్కదారి పట్టించేవాడు. సాల్మన్‌ని ఆ తప్పు కింద ఎక్కడో ఎడారిలో ఉప్పు మోసే లైనుకి పంపేశారు, మళ్ళీ సరస్సు చూడలేదు. సిగ్గుతో ఆయనకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"నేనే," అన్నాడు.

"గట్టిగా చెప్పు తాతా."

"నేనేరా! వాన పడుతోంది, ఇంటికెళ్ళాలని తొందర. పైన ఆపి ఇంజన్ని తిప్పుకురావాలంటే గంట పడుతుందని దిగమని ఊపేశా. విచారణలో డ్రైవరు చూసుకోలేదన్నా." ఆయన లేచి, మేకలు పడుకున్న కాంక్రీటు దిమ్మ వైపు చెయ్యి చాపాడు. కొట్టుకి నలభై అడుగులు ఎగువన ఉంది. "అదిగోనండీ బఫరు పునాది. దానికి ఇవతల మా కాలంలో జానెడు పట్టా లేదు. రాసుకోండి, సంతకం పెడతా."

కిమెలి వెళ్ళి గడ్డి తొలగించి చూసొచ్చాడు. ఆ దిమ్మ మీదే ఎర్రగీత గీసి, కాయితం నింపడం మొదలుపెట్టాడు. అవినో పొయ్యి పక్కన కూలబడి నడుముకి కట్టుకున్న గుడ్డతో కళ్ళొత్తుకుంది.

"సాక్షి పేరు, జెకారియా ఒదిందో. ఉద్యోగం?"

"షంటరు. ఇంజన్ని ఇరికించిన షంటరు అని రాయండి."

"అంత అక్కర్లేదు పెద్దాయనా."

"అక్కరుంది. సాల్మన్ మనవలెవరైనా చూస్తే తెలియాలి." జెకారియా సంతకం పెట్టాడు గాని కలం తిరిగివ్వలేదు. మెల్లగా వెన్ను నిటారైంది. "రెండు పూర్తి రోజులని కూడా రాయండి. మొంబాసా నుంచి ఇక్కడిదాకా ఎన్ని మొండి లైన్లున్నాయో, ఎక్కడా ఎవడూ ఇంజన్ని అంతసేపు ఇరికించలేదు. అసలా మాటకొస్తే మూడు రోజులు..."

"ఒకటిన్నర రోజు, బాబాయ్," అంది అవినో. "కథ పెద్దగా ఉండాలని ఇందాక అర రోజు నేనే కలిపాను."